ఫోటోకాపీ మసకగా వచ్చింది

జనవరి 3, శనివారం

నైరోబీలో జనవరి మొదటి వారం ఎన్నికల వారం కన్నా భీకరమైనది. క్రిస్మస్‌కు ఊళ్ళకు వెళ్ళిన ఆయాలలో సగం మంది తిరిగి రారు. మిగిలినవారి కోసం తల్లులందరూ ఆయాలను కుదిర్చే బ్యూరోల మీద దండెత్తుతారు. సోమవారం నుంచి ఆ సైన్యంలో నేనూ ఒక సిపాయిని.

విషయాన్ని స్పష్టంగా రాసుకుంటాను. అస్పష్టత పిరికివాళ్ళ ఆశ్రయం. న్యాయశాస్త్రం మూడవ సంవత్సరంలో నేను తిరిగి నమోదు కావలసిన ఆఖరి గడువు పంతొమ్మిదవ తేదీ సోమవారం ఉదయం పది గంటలు. ప్రసవం పేరిట విరామం ఒక్కసారే ఇస్తారు. ఆ గడువు దాటితే సీటు లేదు. ఫీజు అమ్మ చేతిలో ఉంది. అమ్మ షరతు: పంతొమ్మిదవ తేదీ ఉదయానికి ఇంట్లో నమ్మకమైన మనిషి ఉంటేనే ఆ డబ్బు కదులుతుంది. లేకపోతే పిల్లనెత్తుకుని మచాకోస్ వెళ్ళి, అమ్మ పనిచేసే బడిలోనే ఒకటో తరగతికి పాఠాలు చెప్పాలి. అద్దె అమ్మదే, ఆయా జీతం అమ్మదే, కాబట్టి షరతులు కూడా అమ్మవే.

గడువుకు రెండు రోజుల ముందు, పదిహేడున, విశ్వవిద్యాలయాల వాదపోటీ. ఏడాదిగా గొంతెత్తలేదు. అయినా నా పాత వాదపోటీ జోడీ ఓవినో నన్నడగకుండానే జట్టులో నా పేరు ఇచ్చేశాడు. "ఎన్‌డుంగె, నువ్వు లేకుండా నాలుగు పోటీలు ఓడాను. ఇంకోటి ఓడితే మా నాన్న నన్ను లెక్కలు చదవమంటాడు," అన్నాడు.

నా పాప ముంబువా తండ్రి గురించి ఇక్కడ రాయను. ఆ తీర్మానం వీగిపోయింది.

జనవరి 5, సోమవారం

దొరికింది! దొరికింది!

క్రమంగా రాయాలి. బ్యూరో అనేది మాంసం దుకాణం మేడ మీద ఒక గది. మూడు బెంచీలు, వాటి మీద సంచులతో ఆడవాళ్ళు. నేను ముప్పై ఒక్క ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. ప్రశ్నించడం తెలియనివాడికి జవాబు దక్కదని నా సిద్ధాంతం. మొదటి ఆమె నాలుగో ప్రశ్నకే లేచి, "నేను పిల్లని చూసుకోవడానికొచ్చాను తల్లీ, కోర్టుకి కాదు," అని వెళ్ళి మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. రెండో ఆమె మా టీవీ ఎంత పెద్దదని అడిగింది. టీవీ లేదన్నాను. సంతాపం తెలిపినట్టు తలూపింది.

మూడో ఆమె నాసంబు. ముప్పై అయిదేళ్ళుంటాయి, బుంగోమా వైపు మనిషి. కూర్చోకుండానే నా ఒళ్ళోంచి ముంబువాను తీసుకుని భుజాన వేసుకుంది.

"కడుపులో గాలి చేరింది మేడం."

"నేనింకా ప్రశ్నలు మొదలుపెట్టలేదు."

"అడగండి. చేతులకే పని, నోరు ఖాళీగానే ఉంది."

తొమ్మిదో ప్రశ్న నా బ్రహ్మాస్త్రం. "పిల్ల అకారణంగా రెండు గంటలు ఏడిస్తే ఏం చేస్తారు?"

"అకారణంగా ఏడ్చే పిల్లని నేనింతవరకూ చూళ్ళేదు. మీరు చూశారా?"

ఆ క్షణాన ముంబువా గట్టిగా త్రేన్చింది. న్యాయనిర్ణేత తీర్పు చెప్పినట్టే వినిపించింది. మిగిలిన ఇరవై రెండు ప్రశ్నలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ముందు పనిచేసిన ఇల్లెందుకు మానేశారు?" అని మాత్రం అడిగాను.

"ఆ పిల్లలు పెద్దాళ్ళయిపోయారు. నన్ను పేరు పెట్టి పిలవడం మొదలెట్టారు."

బ్యూరో యజమానురాలు నాసంబు గుర్తింపు కార్డును నా ముందుకు జరిపి, "ఐడీ మీ దగ్గరే ఉంచుకోండి. అందరూ అంతే చేస్తారు. కార్డు లేకుండా ఎక్కడికి పోతారు?" అంది. అక్కడే నిలబడి మాట్లాడాను. పౌరుని గుర్తింపును తాకట్టు పెట్టుకునే సమాజం గురించి, బానిసత్వం చట్టంలోంచి తొలగి వంటింట్లో దాక్కోవడం గురించి, నాలుగు నిమిషాలు. బెంచీల మీదివాళ్ళందరూ విన్నారు. కింద వీధిలో ఒక ఫోటోకాపీ తీయించి, అసలు కార్డు రెండు చేతులతో ఆమెకిచ్చాను. ఆమె దాన్ని గుడ్డసంచిలో వేసి రవికలో దోపుకుంది.

"ఉపన్యాసం బాగుంది మేడం. ఇక మటాటు బండి ఎక్కుదామా? పిల్లకి ఎండ కొడుతోంది."

జనవరి 6

ఆరు గంటలు వరసగా నిద్రపోయాను. ఇది చరిత్ర.

జనవరి 8, గురువారం

మా గితురై గది ఇప్పుడు గదిలా లేదు, గణతంత్ర రాజ్యంలా ఉంది. పొద్దున్నే రాగి జావ ఉడికే వాసన. ముంబువా కాంగా గుడ్డలో, నాసంబు వీపు మీద, రాణిలా ఊరేగుతూ పంపు దగ్గరకు వెళ్ళి వస్తుంది. నేను అద్దం ముందు ఎనిమిది నిమిషాల ప్రసంగాలు సాధన చేస్తున్నాను. గొంతు తిరిగి వస్తోంది! వాక్యాలు నిలబడుతున్నాయి!

"మేడం" అనవద్దని మొదటి రోజే చెప్పాను, "మీరు" అనవద్దని నిన్న. ఆమె ఒక షరతు పెట్టింది.

"అయితే నువ్వు నన్ను అక్కా అనాలి."

"అంగీకరించాను."

"అంగీకరించాను ఏమిటి, పెళ్ళి రిజిస్ట్రారులాగా! సరే అను."

"సరే అక్కా."

ఇప్పుడు నేను "ముంబువా తల్లి"ని. సాయంత్రం నా ప్రసంగమంతా విని, "తల్లీ, రెండో భాగం బాగుంది. మొదట్లో మాత్రం ఎవర్నో కొట్టడానికొచ్చినట్టున్నావు. మా ఊళ్ళో ముసలాళ్ళు అరిచినవాడి మాట వినరు, వాడికి ముందు టీ పోస్తారు," అంది. మొదటి భాగాన్ని తిరిగి రాశాను. ఓవినోకు ఎవరి సలహా అన్నది చెప్పలేదు.

జనవరి 9, శుక్రవారం

బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాను. అక్కడ రెండో అంతస్తు కియోకో వాళ్ళమ్మ, పక్క తీగల దగ్గర వేర్వేరు ఇళ్ళ ఆయాలు ఆరేడుగురు. కియోకో వాళ్ళమ్మకు జుట్టల్లే దుకాణం ఉంది; అభిప్రాయాలను కూడా అంతే బిగువుగా అల్లుతుంది.

"కొత్త మనిషి బాగా చేస్తోందా?"

"అద్భుతంగా."

"మొదటి పదిరోజులూ అందరూ అద్భుతమే. ఆదివారం ఇస్తున్నావా?"

"పద్దెనిమిదిన వెళ్తుంది. కంగేమిలో వాళ్ళ చెల్లెలు ఉంది."

"పద్దెనిమిదా! పంతొమ్మిదిన కదే నీ కాలేజీ? ఆదివారం ఇచ్చామంటే సోమవారం పోగొట్టుకున్నట్టే. మా ఇంట్లో చేసినదాని నాయనమ్మ ఒక్క ఏడాదిలో మూడుసార్లు పోయింది. సర్లే, దాని ఐడీ ఎక్కడ పెట్టావు?"

"ఆమె దగ్గరే ఉంది."

నోట్లో పట్టుకున్న బట్టల క్లిప్పు జారిపడేలా నవ్వింది. నేను ఊరుకుంటానా? బ్యూరోలో చెప్పినదంతా, మరింత పదునుగా, తడి దుప్పట్ల మధ్య నిలబడి చెప్పాను. ఆయాలు పిండటం ఆపి విన్నారు. కియోకో వాళ్ళమ్మ బక్కెట్టు తీసుకుని దిగిపోయింది. నేనే గెలిచాను.

నేనే గెలిచాను.

జనవరి 10, శనివారం

నాసంబు అక్క కార్డు ఫోటోకాపీ మసకగా వచ్చింది. ఇవాళే గమనించాను. సంఖ్యలలో ఒకటి మూడో ఎనిమిదో తెలియడం లేదు. స్పష్టమైన ప్రతి తీయిస్తానని కార్డు తీసుకున్నాను. వెంటనే ఇచ్చింది. "నా వేళ్ళకి నూనె ఉంది, గుడ్డతో పట్టుకో," అంది.

జనవరి 11, ఆదివారం

ఆదివారం ఫోటోకాపీ దుకాణాలు ఉండవు.

జనవరి 12, సోమవారం

ఓవినోతో ఉదయం నుంచి సాధన. తీర్మానం: ఎగువ ప్రాంతాల నదీజలాలపై ఎగువ ప్రాంతాలకే ప్రథమ హక్కు. మేము ప్రతిపక్షం. తీర్మానాన్ని చీల్చి చెండాడాను. "ఏడాది బాలింతగా ఉన్నావా, కత్తి నూరుకున్నావా?" అన్నాడు.

కార్డు పని మరిచిపోయాను. రాజ్యాంగ ప్రతిలో పేజీల మధ్య భద్రంగా ఉంది, నలగదు.

జనవరి 13, మంగళవారం

అక్క అడిగింది. "తల్లీ, ఆ కార్డు?"

దుకాణంలో కరెంటు లేదన్నాను. నేను ఏ దుకాణానికీ వెళ్ళలేదు కాబట్టి, ఏదో ఒక దుకాణంలో కరెంటు లేకపోయే అవకాశాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. సాంకేతికంగా అది అబద్ధం కాదు.

జనవరి 14, బుధవారం

అమ్మ ఫోన్ చేసింది.

"మనిషి నిలకడేనా?"

"నిలకడే."

"కార్డు తీసుకున్నావా?"

"నా దగ్గరే ఉంది."

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందే నీకు! ఫీజు గురించి బెంగపడకు."

నా నిర్ణయాన్ని అమ్మ మెచ్చుకోవడం ఇరవై రెండేళ్ళలో ఇదే ప్రథమం. నిదానంగా ఆలోచించవలసిన విషయం. పోటీ అయ్యాక ఆలోచిస్తాను.

ముంబువాకు కింది పళ్ళ పక్కన ఇంకొకటి మెరుస్తోంది! అక్క చెంచాతో తట్టి చప్పుడు వినిపించింది.

జనవరి 15

అక్క ఇవాళ అడగలేదు.

జనవరి 16

ఇవాళ కూడా. రేపటి ఏర్పాట్లు పూర్తయ్యాయి. మధ్యాహ్నం ఒంటిగంట విరామంలో ముంబువాను తీసుకుని క్యాంపస్‌కు వస్తుంది, నేను పాలిస్తాను, ఆ తరువాత తుది పోరు. గ్రంథాలయం ముందు నీడలో కూర్చోమన్నాను. రేపు! రేపు!

జనవరి 17, శనివారం

గెలిచాం. ముందు ఆ వాక్యం రాస్తున్నాను, ఎందుకంటే తరువాతి వాక్యాలు రాశాక అది రాయడానికి నాకు ముఖం ఉండదు.

ఉదయపు పోరు పన్నెండుకు ముగిసింది. న్యాయనిర్ణేతల్లో ఒకరికి ప్రయాణం ఉందట, విరామం రద్దు చేసి తుది పోరు వెంటనే మొదలుపెట్టారు. అక్క నీడలో కూర్చుని ఉంటుందిలే, ఫ్లాస్కులో జావ ఉందిలే అనుకున్నాను. ఫోన్ నోరు నొక్కి సంచిలో పడేశాను. ఆ తరువాత లేచి నిలబడ్డాను. ఎలా చెప్పను! అరవకుండా మొదలుపెట్టాను. మొదటి నిమిషంలో సభ ముందుకు వంగింది. నది తాను పుట్టిన ఊరికి మాత్రమే కట్టుబడి ఉంటే దాన్ని బావి అనేవాళ్ళం అన్నాను. చప్పట్లు. ఏడాదిగా నాలో మూసుకున్న తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. కప్పు ఓవినో చేతిలో పెట్టారు. అతను దాన్ని తలకిందులుగా పట్టుకుని ఏడ్చేశాడు.

ఫోన్ చూశాను. అక్క నుంచి పద్నాలుగు పిలుపులు. రెండూ నలభై అయింది.

గ్రంథాలయం ముందు ఎవరూ లేరు. పరుగెత్తాను. పెద్ద గేటు బయట, కాలిబాట మీద, మొక్కజొన్న కంకులు కాల్చే అతని ముక్కాలిపీట మీద అక్క కూర్చుని ఉంది. వీపున ముంబువా నిద్రపోతోంది. చెంపల మీద ఏడుపు చారలు ఎండి ఉన్నాయి.

గేటు వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాను. అతను రిజిస్టరు చూపించాడు. "నన్నేం చెయ్యమంటావు చెల్లెమ్మా? ఐడీ చూడకుండా లోపలికి పంపితే రేపు నేనూ ఈ గేటు బయటే."

"అతన్ననకు," అంది అక్క. "నాలుగుసార్లు మంచినీళ్ళిచ్చాడు. కార్డేదమ్మా అన్నాడు. ఫోటోకాపీ తీయిస్తున్నారన్నాను. ఎన్నాళ్ళ నుంచన్నాడు. వారం నుంచన్నాను. అంత లావు కార్డా అమ్మా నీది, అన్నాడు."

వాచ్‌మన్ నవ్వబోయి, నా ముఖం చూసి రిజిస్టరు తిరగేయసాగాడు.

నా దగ్గర మూడు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. "అక్కా, అది భద్రత కోసం..." అన్నాను.

"ఎవరి భద్రత, మేడం?"

మేడం. తొమ్మిది రోజుల తరువాత.

ఆమె గొంతు పెంచలేదు. "ఆ చివర బట్టల దుకాణం దగ్గర పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఒకావిడొచ్చి, ఈ పిల్ల నీదేనా అంది. కాదన్నాను. మరి నీ కార్డేదీ అంది. పదిమంది మూగారు. ఈ ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళని జనం ఏం చేస్తారో మీరు చదువుకున్నవాళ్ళు, మీకు తెలీదా? పోలీసులొచ్చేదాకా ఆగరు. ఈ కంకులబ్బాయి, ఈమె నాకు తెలుసు, మా ఊరావిడే అని అబద్ధం చెప్పి ఇక్కడ కూర్చోబెట్టాడు. నాకు నా పేరు చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదక్కడ."

కంకులమ్మే అతను బొగ్గులు విసురుతున్నాడు. అటు తిరిగే ఉన్నాడు.

ఇంటికొచ్చాక రాజ్యాంగం తెరిచి కార్డు ఇచ్చాను. గుడ్డతో తుడిచి, అటూ ఇటూ చూసి, లోపల పెట్టుకుంది. ముంబువాకు స్నానం చేయించింది. ఆదివారం పొద్దున్నే వెళ్తానంది. వెళ్ళమన్నాను. తిరిగి వస్తావా అని అడిగే హక్కు నాకు లేదు, అడగలేదు.

జనవరి 18, ఆదివారం

ఆరింటికి వెళ్ళింది. సంచి మొత్తం తీసుకెళ్ళింది. చిన్న సంచే.

ఫోటోకాపీ మసకగా రాలేదు. ఇప్పుడే తీసి చూశాను. ప్రతి అంకె స్పష్టంగా ఉంది. ఎనిమిది ఎనిమిదే.

ఈ వాక్యం రాశాక విచిత్రంగా ఆకలి వేసింది. మొక్కజొన్న పిండితో ఉగాలి వండుకుని, ఆకుకూరతో గిన్నె ఖాళీ చేశాను. ముంబువా కప్పును చెంచాతో వాయిస్తోంది. రేపటి భయం ఉంది, కానీ వారంగా నాతోపాటు ఈ గదిలో కాపురమున్న ఇంకొకటి ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం అమ్మ ఫోన్. ఉన్నదంతా చెప్పాను.

"కార్డు ఇచ్చేశావా! ఎందుకే?"

"అది నాది కాదు కనక."

"రేపు తొమ్మిదింటికి ఆవిడ నంబరుకే ఫోన్ చేస్తాను. ఆవిడ గొంతు వినబడితేనే ఫీజు. లేదంటే మధ్యాహ్నం బస్సెక్కు."

జనవరి 19, సోమవారం. నమోదు వరుసలో నిలబడి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి

ఏడున్నరకు ముంబువా బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టాను. తలుపు చప్పుడైంది. తెరిచాను. అక్క!

లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది.

"వెళ్ళొద్దంది మా చెల్లెలు. దాని మాటా నిజమే. రాత్రంతా చెప్పింది." వేలితో ముంబువాను చూపించింది. "కానీ దీనికి ఇంకో పన్ను ఇవాళో రేపో. కొత్త మనిషైతే జ్వరమని కంగారుపడి మందు పోసేస్తుంది. ఉంటాను. ఒక్క మాట మీద."

"ఏదైనా సరే."

"ఏదైనా సరే అనకండి, ముందు వినండి. నా కార్డు నా దగ్గరే ఉంచారని మీరు డాబా మీద గొప్పగా చెప్పారట. ఆయాలందరూ నాతో అన్నారు, నీకు మంచి ఇల్లు దొరికిందే అని. వారం తిరక్కుండా, కార్డు మీ దగ్గరుందని తెలిసి వాళ్ళే నన్ను చూసి నవ్వారు. ఎక్కడ గొప్ప చెప్పారో అక్కడే ఇదీ చెప్పండి."

నేను ఇంతవరకు ఏ సభలోనూ ఓటమిని నా నోటితో ఒప్పుకోలేదు. తీర్పులు ఒప్పుకున్నాను, ఓటమి కాదు. గడియారం చూశాను. ముంబువాను అక్క చేతికిచ్చి మెట్లెక్కాను. నా వెనకే వచ్చింది.

సోమవారం ఉదయం, డాబా నిండుగా ఉంది. ఎనిమిదిమంది ఆయాలు, నలుగురు గృహిణులు, కియోకో వాళ్ళమ్మ. సభకు నమస్కారం లేదు, పీఠిక లేదు.

"నాసంబు అక్క కార్డు నేను దాచాను. ఫోటోకాపీ అన్నది అబద్ధం. ఈమె పారిపోతుందని భయపడ్డాను. శనివారం ఆ కార్డు లేక ఈమె ప్రాణం మీదికొచ్చింది. తప్పు పూర్తిగా నాది."

పది క్షణాలు కూడా పట్టలేదు. నా జీవితంలో అతి చిన్న ప్రసంగం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక దుప్పటి నీళ్ళు కారుస్తోంది.

"పొద్దున్నే ఏం పోయేకాలమే ఇది," అంది కియోకో వాళ్ళమ్మ. "మమ్మల్ని బట్టలారేసుకోనివ్వవా?"

ఆమె పక్కన జెప్కెమోయ్ నిలబడి ఉంది. నాలుగేళ్ళుగా వాళ్ళింట్లో చేస్తోంది. నలభై దాటిన మనిషి. ఆమె మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. చేతిలోని తడి లంగాను మెల్లగా బక్కెట్లో వేసి, చేతులు తుడుచుకుంది.

"అమ్మగారూ, నా కార్డు ఏ పెట్టెలో ఉంది?"

"ఏమిటీ?"

"ఏ పెట్టెలో ఉందో చెప్తే నేనే తీసుకుంటాను. మీరు బట్టలారేసుకోండి."

అవతలి తీగ దగ్గర ఇంకొకామె క్లిప్పులు కింద పెట్టింది. తరువాత మరొకామె. ఎవరూ కేకలు వేయలేదు. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగడం మొదలుపెట్టారు.

"నిలబడి చూస్తావేమిటి తల్లీ," అంది అక్క నా భుజం తోస్తూ. "పదింటికి కదా! పో!"

నాలుగంతస్తులూ దూకుతూ దిగాను. నాలుగో అంతస్తులో ఒక తలుపు తడుతున్నారు. మూడో అంతస్తులో రెండు. రెండో అంతస్తులో కియోకో వాళ్ళ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక పెట్టె మూత లేచిన చప్పుడు. వీధిలోకొచ్చి, కదిలిపోతున్న మటాటు మెట్టు మీదికి ఎగిరాను. కండక్టరు నా రెక్క పట్టుకుని, "ఎవరు తరుముతున్నారు చెల్లీ?" అన్నాడు. ఊపిరాడక నవ్వాను.

తొమ్మిదీ అయిదుకు అమ్మ సందేశం: "ఆవిడతో మాట్లాడాను. పన్ను సంగతి చెప్పింది. నిన్ను తిట్టొద్దంది. ఫీజు పంపాను. మిగతాది నేనొచ్చాక మాట్లాడతా."

నా ముందు ఆరుగురు ఉన్నారు. ఇప్పుడు నలుగురు.

తొమ్మిదీ యాభై. నా పేరు పిలిచారు. సంతకం చేశాను. హడావిడి సంతకమే, అయినా పేరు చదవవచ్చు. మూడవ సంవత్సరం!

జేబులో ఫోన్ మోగుతోంది. కియోకో వాళ్ళమ్మ. ఇది ఆరోసారి. ఎత్తుతున్నాను.